గుర్రం గుర్తు గోనె

బట్టల బజారుకు తాళాలు వేసిన సావుకార్లారా, రూతమ్మను గోనెలో చుట్టి పూడ్చే గతి పట్టించింది మీరే. చంపింది జ్వరం, ఒప్పుకుంటాం. జ్వరాన్ని బజారులో నిలబెట్టి అడగలేం కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాం. నలభై రెండు బేళ్ల గుడ్డ గోడల నడుమ పేర్చుకొని, ఐదు గజాలు లేవని చెప్పిన నోరు మీది. ఖాళీ అరలు చూసి, చాయ్ తాగి, సరుకు లేదని పంచనామా రాసుకుపోయిన అధికారులారా, మీరూ వినండి. యుద్ధం వల్ల అంటున్నారు. యుద్ధం ఎక్కడో బర్మాలో జరుగుతోంది. గద్వాల దుకాణం తలుపు మూసిన చెయ్యి గద్వాలదే.

జరిగింది జరిగినట్టు చెబుతాం. ఎవరికైనా కోపం వస్తే రానీ.

కోట ముందరి బజారులో సావుకారి అనంతయ్య బట్టల దుకాణం ఉంది. అందులో ఆరుగురు పనివాళ్లు. వాళ్లలో పెద్దవాడు కురుమూర్తి. పందొమ్మిదేళ్లుగా గుడ్డ తానులు విప్పడం, కొలవడం, చింపడం అతని పని. అంచున గోటితో చిన్న గాటు పెట్టి రెండు చేతులా ఒక్క గుంజు గుంజితే గుడ్డ నేత వెంబడి తిన్నగా చీలేది. కత్తెర ముట్టేవాడు కాదు. ఆ చప్పుడు విని, ఎదుటి దుకాణం వాళ్లు ఎన్ని గజాలు పోయాయో చెప్పేవాళ్లు.

రైలు స్టేషను నుంచి దుకాణం దాకా బేళ్లు మోసేవాడు ఇస్రాయేలు. స్టేషను దారిలో చర్చి పక్కన వాడ అతనిది. అక్షరం రాదు. బేలు పైన మిల్లువాడు అచ్చు కొట్టిన బొమ్మను బట్టి సరుకు చెప్పేవాడు. చేప బొమ్మ ఉంటే చీరలు, గుర్రం బొమ్మ ఉంటే తెల్ల కోరాగుడ్డ. మోసుకొచ్చిన బేలును గడప ముందు దించాలి, గడప దాటకూడదు. లోపలివాళ్లు గుంజుకుంటారు. బేలు విప్పాక పైన చుట్టిన గోనె మాత్రం ఇస్రాయేలుకు ఇస్తారు. అది అతని మామూలు.

ఈ బజారులో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లోనైనా మనిషి పోతే, పీనుగు తల నుంచి మడమ దాకా ఒక దారం కొలిచి, ఆ దారం పట్టుకొని దుకాణానికి వస్తారు. నోరు తెరిచి ఏమీ అడగరు. దారం చూడగానే గుమస్తా చేతిలో పని వదిలేసి, తెల్లగుడ్డ తీసి, గజం కర్ర పక్కన పెట్టి, ఆ దారంతోనే మూడు మార్లు కొలిచి చింపి ఇస్తాడు. బేరం ఉండదు. కులం అడగరు. డబ్బులు ఉన్నప్పుడు తెచ్చిస్తారు, తేకపోయినా ఎవరూ పోయి అడగరు. ఆ దారం దుకాణం గోడకున్న మేకుకు తగిలిస్తారు. దారం పట్టుకొని వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపిన దుకాణం గద్వాలలో లేదు. వనపర్తిలో లేదు, నాగర్‌కర్నూల్లోనూ లేదు. కరువేళల్లో కూడా లేదు.

యుద్ధం ఐదో ఏడు వచ్చింది. నూలు రావడం తగ్గింది. ఇంతకు మించి అమ్మకూడదని సర్కారు గుడ్డకు కంట్రోలు ధర పెట్టింది. ధర పెట్టిన మర్నాటి నుంచి గుడ్డ మాయమైంది. రాజోలి మగ్గాల మీద సగం నేసిన చీరలు అట్లాగే ఆగాయి. ఒక పొద్దున అనంతయ్య ఆరుగురినీ, ఇస్రాయేలునూ పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"కంట్రోలోళ్లు వస్తుండ్రు. సరుకు కండ్ల పడితే వాళ్ల ధరకు గుంజుకపోతరు. దుకాణం మునుగుతది. దుకాణం మునిగితే మీరు యాడికి పోతరు? నాకేమైతదిరా, నాకు పొలాలున్నయి. మీ పొట్టల కోసమని చెప్తున్న."

"యాడ పెడుదం సావుకారీ?" అన్నాడు కురుమూర్తి.

"నా బామ్మర్ది జిన్నింగు మిల్లుల. బండ్లల్ల అడుగుకు బేళ్లు ఏసి పైన పత్తి కప్పుండ్రి. యుద్ధం ఉన్నన్నాళ్లు జర జర తెచ్చుకొని అమ్ముకుందం. దుకాణం నడుస్తది, మీరు నడుస్తరు."

ఏడుగురికీ ఆ మాట నచ్చింది. తప్పు అక్కడే జరిగింది. తమ కూడు తామే కాపాడుకుంటున్నాం అనుకున్నారు. మూడు రోజులు పట్టపగలే బండ్లు తోలారు. పత్తి బండి పత్తి మిల్లుకు పోతుంటే ఎవరికి అనుమానం? నలభై రెండు బేళ్లూ అరల వెనక నుంచి ఇస్రాయేలే ఎత్తాలి, ఇంకెవరి వల్లా కాదు. మొదటి రోజు అతను అలవాటు కొద్దీ గడప బయటే ఆగాడు.

"లోపటికి రారా, యాల్లయితుంది," అన్నాడు అనంతయ్య.

"గడప ఉంది సావుకారీ."

"గడప యాడికి పోదు, నువ్వు రా."

బేలు భుజాన వేసుకుంటూ ఇస్రాయేలు కురుమూర్తి చెవిలో అన్నాడు. "మూడు దినాలు నేను గూడ మీ సావుకారి సుట్టాన్నే, అన్నా. నాలుగో దినం గడప కడుగుతరా, నన్ను కడుగుతరా?"

కురుమూర్తి నవ్వాడు. నాలుగో రోజు గడప కడిగారు.

ఆ వారంలోనే కంట్రోలు అధికారి వచ్చాడు. అరలు చూశాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. పెద్ద గుమస్తా ఎవరని అడిగి, సరుకు లేదన్న కాగితం మీద కురుమూర్తితో సంతకం పెట్టించుకున్నాడు. కురుమూర్తి జంకకుండా పెట్టాడు. దుకాణంలో నిజంగానే ఏమీ లేదు గదా. ఇంటికి పోయి భార్య నాగేంద్రమ్మతో "ఇయ్యాల దుకాణం నిలబెట్టినమే," అన్నాడు. ఆమె ఇంకో రొట్టె వేసింది.

సోమవారం పనికి పోతే దుకాణం తలుపు సగమే తెరిచి ఉంది. అనంతయ్య పరుపు మీద కూర్చొని విసనకర్ర ఊపుకుంటున్నాడు.

"ఇంక మీరు రాకుండ్రి. ఖాళీ దుకాణంల ఆరుగురు ఏం జేస్తరు, ఈగలు తోల్తరా?"

"జర జర తెద్దమంటిరి గద," అన్నాడు కురుమూర్తి.

"యాడికెల్లి?"

"మిల్లుకెల్లి."

"మిల్లుల పత్తుంటది గానీ గుడ్డెందుకుంటది? సరుకు లేదని సంతకం పెట్టింది నేనా, నువ్వా? ఇప్పుడు ఉందంటే గవర్నమెంటుకు అబద్దం రాసిచ్చినవన్నట్టు. జైలుకు పోతవు. ఆలోచన జేస్కో."

ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దుకాణం ఖాళీ చేసింది వాళ్ల చేతులే. ఖాళీ దుకాణానికి పనివాళ్లెందుకు? ఇంత చిన్న లెక్క బండ్లు తోలిన మూడు రోజుల్లో ఒక్కడికీ తట్టలేదు. సావుకారికి మొదటి రోజే తెలుసు.

మిగతావాళ్లు మెట్లు దిగాక అనంతయ్య కురుమూర్తిని వెనక్కి పిలిచాడు. గొంతు మెత్తగా చేశాడు. "యుద్ధం ఒడిసినంక మొదటి పిలుపు నీకే. పందొమ్మిదేండ్లు నా ఉప్పు తిన్నవు. నోరు మూసుకొని ఉండు, నీ జాగ యాడికి పోదు."

ఆ మాటను కురుమూర్తి నడుముకు కట్టుకొని ఇంటికి పోయాడు. ఆరు నెలలు దాంతోనే బతికాడు. నాగేంద్రమ్మ కలుపు తీతకు పోయింది. అతను ఒక్క పంచెను రెండు ముక్కలుగా చింపి సగం తను కట్టుకున్నాడు, సగం ఆమె చీరకు అతుకు వేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. యుద్ధం ఇయ్యాల ఒడుస్తది, రేపు ఒడుస్తది అని బజారులో ఎవరైనా అంటే చెవి అటు పెట్టేవాడు.

ఒక్క అనంతయ్య దుకాణమే మూతపడిందా? గద్వాలలో పదకొండు మూశారు, వనపర్తిలో ఏడు, నాగర్‌కర్నూల్లో ఐదు. గుమస్తాలు, హమాలీలు, బండ్లవాళ్లు, నేతగాళ్లు రోడ్డు మీద పడ్డారు. ఏ దుకాణంలోనూ గుడ్డ లేదు. దొడ్డిదారిన మాత్రం నాలుగింతల ధరకు దొరికేది, ఆ ధర పెట్టగలిగే దొరలకు.

ఇక ఇస్రాయేలు ఇల్లు. అందులో ఇద్దరాడవాళ్లు, అతని భార్య రూతమ్మ, తల్లి సాయమ్మ. ఇద్దరికీ కలిపి ఒక్క చీర మిగిలింది. ఒకరు కట్టుకొని కూలికి పోతే రెండోవాళ్లు బేలు గోనె చుట్టుకొని తలుపు వెనక కూర్చోవాలి. వంతులు వేసుకున్నారు. రూతమ్మ నోరున్న మనిషి. ఏడవడం ఆమెకు చేతకాదు.

"అత్తా, ఇయ్యాల నీ దినం. కట్టుకొని పో, ఊరు సూసిరా."

"ఊర్ల ఏముందే సూడనీకి?"

"నీ కొడుకు మోసిన గుడ్డ ఎవరెవరు కట్టుకున్నరో సూసి నాకు చెప్పు. మన వాటాకు గోనె వచ్చింది, గుర్రం బొమ్మతోటి. రాణులకు గూడ ఉండదు గుర్రం."

సాయమ్మకు నవ్వు వచ్చేది. ఇస్రాయేలు మాత్రం నవ్వేవాడు కాదు.

ఆషాఢంలో రూతమ్మకు చలిజ్వరం పట్టింది. కలుపు చేలో వానకు తడిసి వచ్చి పడింది. తొమ్మిది రోజులు వణికింది. కప్పడానికి గోనె తప్ప ఏమీ లేదు. పదో రోజు పొద్దెక్కుతుండగా పోయింది. ఒంటి మీద ఆ ఒక్క చీరే ఉంది. వాడలో జనం గుమిగూడారు. సాయమ్మ బయటికి వచ్చి కోడలి మీద పడి ఏడవలేకపోయింది. తలుపు వెనకే గోనెలో కూర్చొని, గోడకు తల కొట్టుకుంటూ ఏడ్చింది. గోడ అవతలి నుంచి వచ్చే ఏడుపు వింటూ జనం తలలు వంచుకొని నిలబడ్డారు.

ఇస్రాయేలు ముందు ఇప్పుడున్నది ఒక్కటే ప్రశ్న. ఉన్న ఒక్క చీర చచ్చినదానికా, బతికున్నదానికా?

"దానితోనే పోనీ కొడకా," అంది సాయమ్మ లోపలి నుంచి. "నాకు గోనె సాలు. నేనింక యాడికి పోత?"

"నువ్వు ఊకో అవ్వా. తెల్లగుడ్డ తెస్త. సీర నీకుంటది, గుడ్డ దానికుంటది."

తల నుంచి మడమ దాకా దారం కొలిచి, వేలికి చుట్టుకొని, నేరుగా కురుమూర్తి ఇంటికి వచ్చాడు. కురుమూర్తి వేలి మీది దారం చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఎవరు?"

"రూతమ్మ."

కురుమూర్తి రెండు చేతులూ ముందుకు వచ్చాయి, గుడ్డ తీయడానికి. అక్కడ అర లేదు, తాను లేదు. చేతులు కిందికి దించుకున్నాడు.

"దుకాణం బంద్ గదా ఇస్రాయేలూ."

"నాకు తెల్వదా? సావుకారి ఇంటికి పోదం రా. దారం సూసినంక ఎవడు లేదంటడు?"

అనంతయ్య అరుగు మీద కూర్చొని తమలపాకులకు సున్నం రాసుకుంటున్నాడు. ఇస్రాయేలు మెట్ల కింద నిలబడి దారం పైకెత్తి చూపాడు. అనంతయ్య చెయ్యి ఒక క్షణం ఆగింది. మళ్లీ రాయసాగింది.

"దుకాణం బంద్ ఐందిరా. యాడ తేవాలె?"

"గుర్రం గుర్తు బేలు సావుకారీ. మూడో వరుసల అడుగున, గోడకు ఆనుకొని ఉంది. నేనే పెట్టిన. ఐదు గజాలు ఇప్పించుండ్రి సాలు. బేలు మళ్ల నేనే కుట్టి పెడత, ఎవరికీ తెల్వదు."

"ఏ బేలు? ఏ వరుస?"

"మిల్లుల. మనం మోసినయి."

"మనమా?" అనంతయ్య తాంబూలం నోట్లో పెట్టుకొని, అంగీ పక్కకు లాగి తన భుజం చూపించాడు. "సూడు. మోత కాయ ఉందా? లేదు. నీ భుజం మీద ఉంది కాయ. మోసింది నువ్వైతే దొంగ నువ్వే. నా దుకాణంల సరుకు మాయమైందని నేనింతవరకు కేసు పెట్టలె, పాపమని. పెట్టమంటవా? పోలీసు అమీను సాబు పక్క గల్లీలనే ఉంటడు."

"దారం తెచ్చినోన్ని తిప్పి పంపినోడు లేడు సావుకారీ ఈ బజార్ల."

"లేని గుడ్డ యాడికెల్లి చింపాలెరా? నమ్మకుంటే మీ పెద్ద గుమస్తానే అడుగు. ఏం కురుమూర్తీ, నువ్వు చెప్పు. మన దగ్గర గుడ్డ ఉందా, లేదా?"

కురుమూర్తి మెట్టు మీద ఉన్నాడు. పైన సావుకారి, కింద ఇస్రాయేలు. పందొమ్మిదేళ్లలో కొన్ని వందల దారాలు అందుకున్న చెయ్యి అతనిది. ఒక్క మాట అంటే చాలు. ఆ మాటతో సంతకం అబద్ధమవుతుంది, జాగ పోతుంది, జైలు వస్తుంది. యుద్ధం ఒడిసినంక మొదటి పిలుపు నీకే. ఆ పిలుపు అతని చెవిలో ఇంకా ఉంది.

"లేదు," అన్నాడు.

ఈ మాటకు కురుమూర్తిని వెనకేసుకురావడం మాకు చేతకాదు. భయపెట్టింది సావుకారే. అయినా ఆ మాట పలికింది కురుమూర్తి నాలుక.

ఇస్రాయేలు అతని వైపు చూడలేదు. దారం వేలికి చుట్టుకొని వెళ్లిపోయాడు. బజారు పొడుగునా పది తాళాల ముందు నిలబడ్డాడు. తాళాలకు దారం కనిపించదు గదా.

మధ్యాహ్నానికి రూతమ్మ ఒంటి మీది చీర విప్పారు. ఆ పని వాడలో ఆడవాళ్లు చేశారు, కళ్లు మూసుకొని. ఇంట్లో మిగిలిన గోనెల్లో పెద్దది చూసి చుట్టి సూదితో కుట్టారు. గుర్రం బొమ్మ ఛాతీ మీదికి వచ్చింది. తిప్పి కుడదామంటే పొద్దు లేదు. సాయమ్మ ఆ చీరను బావి దగ్గర తడిపి, పిండి, తడిది తడిగానే కట్టుకొని కోడలి వెంట సమాధుల తోటకు నడిచింది. ఆరు నెలల్లో ఆ ఇద్దరూ కలిసి వీధిలోకి రావడం అదే మొదటిసారి.

చర్చి ఉపదేశి ప్రార్థన చెబుతుండగా కురుమూర్తి వచ్చాడు. గోచి పెట్టుకొని, తన సగం పంచె ఉతికి మడిచి చేతుల్లో పట్టుకొని వచ్చాడు.

"ఇది కప్పు ఇస్రాయేలూ."

"లేదంటివి గద," అన్నాడు ఇస్రాయేలు. "లేని గుడ్డ యాడికెల్లి తెచ్చినవు?"

కురుమూర్తి చేతులు వెనక్కి తీసుకోలేదు. పంచె చాపినా మోకాళ్ల దాకే వస్తుంది. అది అతనికీ తెలుసు, కొలవడం అతని పని.

"కట్టుకో అయ్యా. ఆడోళ్లున్నరు ఈడ," అంది సాయమ్మ. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మట్టి పోయడం అయ్యాక ఇస్రాయేలు వేలి మీది దారం విప్పి కురుమూర్తి కాళ్ల ముందు పడేశాడు. "ఇది దుకాణందే. మేకుకు తగిలించుకో."

మర్నాడు సంత. జిన్నింగు మిల్లు ముందరి మైదానంలోనే సంత జరుగుతుంది. ధరూరు నుంచి, రాజోలి నుంచి జనం వచ్చారు. కురుమూర్తి మిల్లు తలుపు దగ్గరికి పోయి, తాళానికి ఆ దారం కట్టాడు. దారం అంటే ఏమిటో అక్కడ తెలియనివాడు లేడు. జనం మూగారు. అతనికి ఉపన్యాసం రాదు. సరుకు చెప్పినట్టే చెప్పాడు. "లోపట నలభై రెండు బేళ్లున్నయి. గుర్రం గుర్తువి పద్నాలుగు, చేప గుర్తువి ఇరవై ఎనిమిది. మేం ఏడుగురం మోసినం. లేదని సంతకం పెట్టింది నేను. లేదని నిన్న గూడ అన్నది నేను. ఉన్నది."

ఒక ముసలామె అడిగింది. "ఉంటే తియ్యరాదు?"

"తాళం నాది కాదమ్మా."

మధ్యాహ్నం కాకముందే అమీను వచ్చాడు. కురుమూర్తిని పట్టుకున్నాడు. ఇస్రాయేలును ఇంటి దగ్గర పట్టుకున్నాడు. అనంతయ్య ఫిర్యాదు సిద్ధంగా ఉంది. తన దుకాణంలోంచి గుర్రం గుర్తు బేలొకటి వీళ్లిద్దరూ కలిసి దొంగిలించారట. సాక్ష్యం ఏదంటే, బేలు పైగోనె. అది ఎక్కడుందంటే, సమాధిలో. పైగోనెలు ఇస్రాయేలు మామూలని బజారులో కుక్కపిల్లకు కూడా తెలుసు. కాగితం మీద రాసేవాడు మాత్రం లేడు. సాక్ష్యం బయటికి తీయాలని, బుధవారం పొద్దున సమాధి తవ్వాలని అమీను హుకుం ఇచ్చాడు.

తాళం తీయడానికి మాత్రం హుకుం లేదు.

ఇద్దరూ ఠాణాలో ఉన్నారు. సాయమ్మ ఆ ఒక్క చీర కట్టుకొని సమాధి పక్కన కూర్చుంది. లేవమంటే లేవడం లేదు. తవ్వితే నన్ను గూడ తవ్వుకపోండ్రి అంటోంది. మిల్లు వెనక గేటు దగ్గర నిన్నటి నుంచి బండ్లు ఆగి ఉన్నాయి, పైన పత్తి కప్పుకొని. రేపో మాపో ఆ సరుకు తుంగభద్ర దాటుతుంది, అవతల ఈ సర్కారు హుకుం చెల్లదు. దాటిందంటే రూతమ్మ దొంగవాడి పెళ్లాంగానే మట్టిలో ఉంటుంది, అనంతయ్య పెద్దమనిషిగానే ఉంటాడు.

కాబట్టి చెబుతున్నాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బజార్లలో పని పోయిన గుమస్తాలు, హమాలీలు, మగ్గం ఆగిన నేతగాళ్లు, ఒక్క చీరను వంతులేసుకొని కట్టుకుంటున్న ఆడవాళ్లు, అందరూ మంగళవారం పొద్దుపొడిచేసరికి మిల్లు ముందు ఉండాలి. గోనె కట్టుకొని ఉంటే గోనెతోనే రండి. బయటికి రాలేనివాళ్ల పేరున ఇంటికొక దారం తెచ్చి ఆ తాళానికి కట్టండి. బండి ఒక్కటి కదలకూడదు. జనం ముందర తాళం తీయాలి, బేళ్లు బయటపెట్టాలి, కంట్రోలు ధరకు ఇంటింటికీ ఇవ్వాలి. దుకాణాలు తెరవాలి, తీసేసిన ప్రతి మనిషినీ అదే జాగలో కూర్చోబెట్టాలి. కురుమూర్తినీ ఇస్రాయేలునూ వదలాలి. సమాధి మీద పలుగు పడకూడదు.

మొదట తీయాల్సింది మూడో వరుసలో అడుగున, గోడకు ఆనుకొని ఉన్న గుర్రం గుర్తు బేలు. దాన్ని ఇస్రాయేలు భుజం మీద కాక అనంతయ్య భుజం మీద పెట్టి బయటికి తెప్పించాలి. మొదటి ఐదు గజాలు ఆ తాళానికున్న దారంతో కొలిచి కురుమూర్తి చింపాలి. ఆ గుడ్డ తెచ్చి సమాధి మీద పరవాలి. రెండో ముక్క సాయమ్మకు.